మొదటి భార్య మళ్లీ చిగురేసింది

బాపట్ల,
12 జూన్ 2025.

పూజ్యులైన తాతయ్యకి,

ఇటీవలే భార్యావియోగం పొందిన మీ మనవడు వేదవ్యాస్ సాష్టాంగపడి రాయునది.

ఇక్కడ నేను క్షేమం. అలా రాయడానికి కొంచెం మొహమాటంగానే ఉంది. మొన్న ఆదివారం మీ పెరట్లో పెళ్లి చేసుకుని, పావుగంటలో విధురుణ్ణయి, అమ్మమ్మ పెట్టిన ఇడ్లీలు తిని రేపల్లెలో బస్సెక్కినవాడు ఇంత క్షేమంగా ఉండకూడదు. పెళ్లి చేసిందీ మీరే, పెళ్లికూతుర్ని కత్తితో నరికిందీ మీరే. ఒకే దక్షిణకి రెండు కార్యాలు చేసే పురోహితుడు ఏ మనవడికి దొరుకుతాడు?

పక్కింటివాళ్లకి ఫోను చేద్దామంటే మీ చెవి మిషను ఫోను దగ్గరికి రాగానే రైలింజన్‌లా కూస్తుంది. అందుకే ఉత్తరం.

కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. వృక్షశాస్త్రం చెప్పే గెస్టు లెక్చరర్ అరటిచెట్టుని పెళ్లాడాడంటే పిల్లలు ప్రాక్టికల్స్ అనుకుంటారు. నా జాతకంలో ఏడో ఇంట్లో కుజుడు కూర్చున్నాడనీ, నేను తాళి కట్టిన మొదటి ప్రాణికి గండమనీ మీరన్నారు. నాకు కుదిరిన శ్రీనిధికీ అదే దోషం ఉంటే చెల్లుకి చెల్లు అయిపోయేదన్నారు. ఆ తెనాలి పిల్ల జాతకం కడిగిన పళ్లెంలా ఉంది. కాబట్టి గండాన్ని అరటిచెట్టు నెత్తిన పెట్టాం. బాగుంది.

ఒక చిన్న సంగతి, నవ్వుకోడానికి రాస్తున్నాను. ఆ చెట్టు పోయినేడు నేను తెచ్చి మీ స్నానాలగది కాలవ పక్కన నాటిన టిష్యూ కల్చర్ అరటి. ఒక మంచి తల్లిచెట్టు ముక్కలు కోసి, గాజు సీసాల్లో పెంచి, ల్యాబులో వేలకు వేలు తయారుచేస్తారు. చూడ్డానికి వేలు, నిజానికి అన్నీ ఒక్క చెట్టే. అంచేత శాస్త్రప్రకారం నా భార్య పోలేదు తాతయ్యా. కొల్లూరు లంకల నించి రేపల్లె దాకా తోటలు తోటలుగా కాపురం చేస్తోంది. శ్రావణంలో శ్రీనిధి నాకు ఎన్నో పెళ్లామవుతుందో మీరే లెక్క కట్టాలి.

అమ్మమ్మకి నమస్కారాలు.

ఇట్లు, వేలాది భార్యల ఏకైక భర్త,
వ్యాసు


రేపల్లె,
17 జూన్ 2025.

చిరంజీవి వేదవ్యాస్‌ని గౌరీశంకరం ఆశీర్వదించి రాయునది.

ఉత్తరం అందింది. నవ్వుకోడానికి రాశానన్నావు. నేను నవ్వలేదు. మీ అమ్మమ్మకి చదివి వినిపించి, మజ్జిగ తాగి పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

ఇక్కడ రోళ్లు పగలాల్సిన రోహిణి కార్తెలో వాన దంచింది. మృగశిర రాగానే చల్లబడాల్సింది పోయి నిప్పులు చెరుగుతోంది. పంచాంగం చూసి నేను మాట చెప్పిన రైతులు వీధిలో ఎదురైతే, "ఏంటి పంతులుగారూ, ఇది ఏ కార్తె?" అని వెటకారాలు. అది చాలదన్నట్టు నీ సీసా పెళ్లాం.

చెట్టుని ఎందుకు కొడతాం? తాళి పడిన ప్రాణం పోవాలి, గండం దాంతో తీరాలి. ఆ ప్రాణం వేల చోట్ల పంచుకుని ఉంటే నేను కొట్టింది ఏంటి? వేలి గోరు. గోరు కత్తిరించి, మనిషి పోయాడు పిండాలు పెట్టండంటే ఏ కుజుడూ నమ్మడు.

అసలు సీసాలో పుట్టినదాన్ని ప్రకృతి అంటారటరా? చెట్టంటే భగవంతుడు చేసిందన్న నమ్మకం మీద తాళి కట్టించాను. ఫ్యాక్టరీ సరుకని ముందే చెప్పొద్దూ? దాన్ని ఎవరు చేశారు, ఎలా చేశారు, దాచకుండా రాయి. ఆ వివరం తేలేదాకా గండం తీరిందని నేను అనలేను.

నీ మేలు కోరే,
తాతయ్య

ఒరేయ్ నాన్నా, మీ తాతయ్య కొట్టిన మొద్దు నడిమధ్య నించి మర్నాడు పొద్దున్నకే జానెడు ఆకు చుట్ట పైకొచ్చింది. తాళి దారం ఇంకా దానికే ఉంది. నేను చూసినట్టు ఆయనకి చెప్పలేదు, ఆయన చూసినట్టు నాకు చెప్పలేదు. కవరు అంటించేది నేను కాబట్టి ఇది రాశాను. — అమ్మమ్మ


బాపట్ల,
22 జూన్ 2025.

తాతయ్యకి, గోరంత పెళ్లి చేసుకున్న వ్యాసు నమస్కారాలు.

జోకు వెయ్యబోయి జాతకం మీద పడ్డాను. క్షమించాలి. మా నాన్నకి చెబితే, "మీ అమ్మ తరఫు వ్యవహారాల్లో నేను మాట్లాడను" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు.

దాచకుండా రాయమన్నారు కనక రాస్తున్నాను. ఆ మొక్కని చేసింది పరాయివాళ్లు కాదు, మీకు కాబోయే మనవరాలే. శ్రీనిధి ఉద్యోగం అంగలకుదురు దగ్గర ఒక ల్యాబులో అని చెప్పాను కదా, అది ఇదే. మేం మొదట కలిసిందీ అక్కడే. మా కాలేజీ పిల్లల్ని చూపించడానికి తీసుకెళితే, మూతికి మాస్కూ చేతులకి గ్లౌజులూ వేసుకున్న ఒకమ్మాయి నన్ను గుమ్మంలోనే ఆపి, "దగ్గకండి సార్, నా పిల్లలకి జబ్బు చేస్తుంది" అంది. పిల్లలంటే సీసాల్లో మొక్కలు. కళ్లు మాత్రమే కనిపించాయి. చాలాయి.

వచ్చేటప్పుడు ఒక మొక్క చేతికిచ్చి, "ఇది నా చేతుల్లో పుట్టిన పిల్ల. జాగ్రత్తగా చూసుకోండి" అంది. చూసుకున్నాను. ఇంకెక్కడ పెట్టినా ఎండిపోతుందని మీ పెరట్లో నాటాను. ఆ తర్వాత మీ ఆజ్ఞ మేరకు పెళ్లి కూడా చేసుకున్నాను. ఒక అల్లుడు ఇంతకన్నా ఏం చెయ్యగలడు?

ఇందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదనే ధైర్యంతో,
వ్యాసు


రేపల్లె,
27 జూన్ 2025.

చిరంజీవి వేదవ్యాస్‌కి ఆశీస్సులు. ధైర్యం తగ్గించుకో.

నీ ఉత్తరంలో నీ చేత్తో నువ్వే రాశావు, "ఒక అల్లుడు" అని. నేనన్న మాట కాదు.

మెల్లిగా ఆలోచించు. అరటి నీకు మంత్రపూర్వకంగా భార్య. ఆ అరటి శ్రీనిధి చేతుల్లో పుట్టిన పిల్ల. ఆ మాట ఆ అమ్మాయే అంది, నువ్వే విన్నావు. భార్య తల్లి నీకు ఏమవుతుంది? నా నోటితో అనలేను. యాభై ఏళ్లుగా రేపల్లె తాలూకాలో సంబంధాలు కుదిర్చాను, మేనరికాలు చూశాను, ఒకే ఇంటి అక్కచెల్లెళ్లని అన్నదమ్ములకిచ్చి చేశాను. అత్తగారి మెళ్లో తాళి కట్టించిన అపఖ్యాతి మాత్రం మూట కట్టుకోలేదు. మనవడి పెళ్లితో అది మొదలెట్టను.

అంచేత ముహూర్తం ఆపాను. తెనాలికి, మీ మామగారు కాబోయి ఇప్పుడు వరసకి తాతగారవుతున్న నరసింహారావు గారికి, 'గ్రహస్థితి పునఃపరిశీలనలో ఉంది' అని కబురు చేశాను.

దారి ఒకటే ఉంది. మనిషి చెయ్యి పడని అరటిచెట్టుని ఒక్కదాన్ని వెతికి పట్టుకో. సీసా కాదు, నర్సరీ కాదు. భూమి కని, వాన పెంచినది. దానికి తాళి కట్టిస్తాను. ఈ మొదటి పెళ్లి చెల్లదని తోసిపారేస్తే వరస గొడవా పోతుంది. ఆషాఢం వెళ్లేలోపల వెతుకు. ఇంత పెద్ద జిల్లాలో ఒక్క అసలుసిసలు చెట్టు దొరక్కపోదు.

కంగారు పడకు. పడాల్సింది నేను.
తాతయ్య

ఆయన రోజూ పెరటివైపు తలుపు వేసుకుని వెళుతున్నారు. ఏంటంటే చెప్పరు. — అమ్మమ్మ


బాపట్ల,
8 జూలై 2025.

తాతయ్యకి, చెప్పులు అరిగిన అన్వేషకుడు వ్యాసు నమస్కరించి రాయునది.

మొదట కొల్లూరు వెళ్లాను. కొండయ్య అనే రైతు తోట. "మాది అచ్చం దేశవాళీ అండి బాబూ. సీసా మొహం ఎరగదు" అన్నాడు. పొంగిపోయాను. పిలక ఎక్కడిదంటే, వాళ్ల తాత పెట్టిన చెట్టు పిలక, దాని పిలక, దాని పిలక. అంటే ఇదీ ఒక్క చెట్టే, తరాలుగా ముక్కలు చేసి నాటుకుంటున్నారు. "గింజ వేసి మొలిపించింది లేదా?" అన్నాను. కొండయ్య నా వంక జాలిగా చూశాడు. "అరటిపండులో గింజ ఎప్పుడన్నా నవిలారా సార్? మీరు దేనికి లెక్చరరు?"

నిజమే తాతయ్యా. ఎన్ని వేల ఏళ్ల కిందటో ఎవడో గింజల్లేని అరటిని ఏరి ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పట్నించీ అది మన చేతి సరుకే. పైగా కొండయ్య చెట్టుకి నీళ్లు బ్యారేజీవి, బలం యూరియాది, గెలకి నీలంరంగు ప్లాస్టిక్ చొక్కా.

పోనీ అడవిలో వెతుకుదామని రేపల్లె దిగువన మడ అడవికి వెళ్లాను. మీ గుమ్మం తొక్కకుండా వెళ్లినందుకు మన్నించాలి. అత్తగారి సంగతి తేలకుండా అమ్మమ్మ చేతి పులుసు తినబుద్ధి కాలేదు. పడవ నడిపినాయన బర్నబాస్. ఉప్పునీళ్లలో వేళ్లు దించుకుని పచ్చగా చెట్లు, కొమ్మకొమ్మకీ కొంగలు. అరటి లేకపోతే పోయింది, నాకు కళ్లు చెమర్చాయి. చేతులు జోడించి, "ఆహా, భగవంతుడి సృష్టి!" అన్నాను.

"అవునండి" అన్నాడు బర్నబాస్. "ఈ వరసంతా మా ఆవిడ నాటిందండి. అద్గో, ఆ వరస మా వదినది. తుపానుకి కొన్ని పోతే మళ్లీ కూలికి పిలిచారు."

అడవి వరసల్లో ఉంది తాతయ్యా, మన వరిచేలాగా. కొంగలకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు, హాయిగా ఉన్నాయి.

బాపట్ల ఒడ్డున సరుగుడు తోట నాటిందే. కాలవలో గుర్రపుడెక్క పరాయి దేశం నించి పువ్వు బాగుందని ఎవరో తెప్పించినదే. సముద్రాన్ని ఎవరూ నాటలేదు కదా అని సూర్యలంకలో నిలబడితే, ఒక అల మర్యాదగా వచ్చి నా కాళ్ల దగ్గర ఎడమకాలి చెప్పొకటి పెట్టి వెళ్లింది.

చివరికి తెనాలిలో ఒక నీళ్లట్యాంకు గోడ పగుల్లో రావిమొక్క కనిపించింది. ఎవరూ నాటలేదు. కాకి రెట్ట వేసింది, సిమెంటు పాలిచ్చింది. అరటి కాకపోయినా ఫరవాలేదంటే నిచ్చెన వేసుకుని మరీ పెళ్లాడతాను.

ఇంక శ్రీనిధి. వరస సంగతి చెప్పగానే పడీ పడీ నవ్వింది. "ఏం అల్లుడూ, పండక్కి ప్యాంటు చొక్కా చాలా, ఉంగరం కావాలా?" అంది. తర్వాత నవ్వలేదు. వాళ్ల నాన్నగారికి మీ పునఃపరిశీలన నచ్చలేదు. శ్రావణం మొదటి శుక్రవారం లోపల మీ నించి మాట రాకపోతే వైజాగ్ సంబంధానికి కబురు చేస్తానన్నారట. "నీకు పెళ్లి కావాలా, నీ జోకు కావాలా?" అని అడిగింది.

నాకు పెళ్లే కావాలి తాతయ్యా. ఈ ఒక్క వాక్యం నవ్వుకోడానికి రాయలేదు.

వ్యాసు


రేపల్లె,
14 జూలై 2025.

నాన్నా వ్యాసూ,

రావిమొక్క వద్దు. సిమెంటు పాలు తాగి పెరిగింది ఏ తాపీమేస్త్రీ గారి కూతురో అవుతుంది. మళ్లీ వరసలు వెతకాలి.

వరస ముడి మీ అమ్మమ్మ విప్పింది. నీ ఉత్తరం చదివి వినిపిస్తుంటే చిక్కుడుకాయలు వొలుస్తున్నదల్లా తలెత్తి, "మన నాలుగు కాన్పులకీ పురుడు పోసిన మంత్రసాని మన పిల్లలకి తల్లయిందా?" అంది. నేను ఏదో అనబోయాను. "పురాణంలో ఒకే ముద్దని ముక్కలు చేసి నేతికుండల్లో పెట్టి పిల్లల్ని పుట్టించిన కథ మీరే ఊరూరా చెబుతారు. కుండలో నెయ్యి పోసినాయన్ని ఎవరన్నా అమ్మా అన్నారా?" అంది. సభలో పండితులు ఓడిస్తే బాధ లేదు. చిక్కుళ్ల ముందు ఓడిపోయాను. శ్రీనిధి అరటికి తల్లి కాదు, మంత్రసాని. మంత్రసానికి వరస లేదు. ఆ దోషం కొట్టేశాను.

కాని వేల ప్రాణాల సంగతి అలాగే ఉంది. అసలు చెట్టే లేదని నువ్వు తేల్చిన దగ్గర్నించీ నాకు అన్నం సయించడం లేదు. రోజూ సంకల్పంలో, కృష్ణకీ కావేరికీ మధ్యన ఫలానా ఋతువులో ఉన్నానని దేవుడికి చెప్పుకుంటాను. ఆ కృష్ణ మన కాలవలోకి ఎప్పుడు రావాలో ఇంజనీరు చెబుతాడు. ఋతువు ఏదో ఎవరూ చెప్పలేకుండా ఉన్నారు. దేవుడి చేతిరాత అని ఇన్నాళ్లూ నేను దణ్ణం పెట్టినదాంట్లో సగం మన కెలుకుడేనటరా? అడవిని కూడా కూలికి నాటుకున్నామా?

ఒక్కటే ఊరట. సంధ్య వార్చుకుని తలెత్తితే పడమట కుజుడు కనిపిస్తాడు. ఎర్రగా, చిన్నగా, ఎవరి జోలికీ పోకుండా. మనిషి చెయ్యి పడనివాడు ఇంక ఆయనొక్కడే. అంత శుద్ధుడు పెట్టిన గండాన్ని సీసా సరుకుతో ఎలా తప్పించను? అందుకే నాకు కాళ్లూ చేతులూ ఆడ్డం లేదు. నీ పెళ్లి ఆపాలని నాకు మాత్రం ఉంటుందా?

తాతయ్య


బాపట్ల,
18 జూలై 2025.

తాతయ్యకి,

ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. మీకు మిగిలిన ఒక్క ఊరటా ఊడబెరకడం మనవడి ధర్మం కాదు. శ్రీనిధిని అడిగాను. "దాచావంటే మళ్లీ ఇంకో ముడి పడుతుంది, రాసెయ్" అంది.

కుజుడి మీద కూడా చెయ్యి పడింది తాతయ్యా. మన శ్రీహరికోట నించి వెళ్లిన నౌక ఏళ్ల తరబడి ఆయన చుట్టూ ప్రదక్షిణాలు చేసింది. ఇప్పుడు పలకడం మానేసి ఊరికే తిరుగుతోంది, మన ఊళ్లో బోర్డు లేని బస్సు మాదిరి. వేరే దేశాలవాళ్లు ఏకంగా ఆయన ఒంటి మీద బళ్లు నడుపుతున్నారు. రాళ్లకి కన్నాలు వేశారు. వాళ్లు దిగిన గొడుగు గుడ్డలు, రేకులు, రెక్కలు విరిగిన చిన్న హెలికాప్టరు ఒకటి, అన్నీ అక్కడే పడున్నాయి. సూర్యలంకలో నాకు దొరికిన చెప్పుకి రెండోది కూడా అక్కడే ఉందేమో.

ఎందుకు వెళ్లారని మీరు అడుగుతారు. చదువు కోసం అన్నారు. కొందరు పెద్దమనుషులు మాత్రం ఈ భూమి బొత్తిగా పాడైపోతే అక్కడ ఇళ్లు కట్టుకోవచ్చేమో చూసిరావడానికి అంటున్నారు.

తెనాలివారి శుక్రవారం ఇంక వారమే ఉంది. మీరేం చెబితే అది.

మీ వ్యాసు


రేపల్లె,
శ్రావణ శుద్ధ పాడ్యమి, శుక్రవారం,
25 జూలై 2025.

చిరంజీవి వేదవ్యాస్‌కి, చిరంజీవి సౌభాగ్యవతి కాబోయే శ్రీనిధికి, కలిపి ఒకే ఆశీర్వచనం.

పొద్దున్నే పక్కింటివాళ్ల ఫోనులో మీ అమ్మమ్మ చేత తెనాలికి మాట చెప్పించాను. నరసింహారావు గారు వైజాగ్‌కి చెయ్యాల్సిన కబురు చెయ్యలేదు. మొదట పెట్టిన ముహూర్తమే ఖాయం. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను, భద్రంగా ఉంచుకో.

నీ ఉత్తరం చదివి రెండ్రోజులు పాత పుస్తకాలన్నీ తిరగేశాను. మూడో రోజు స్నానం చేస్తూ కుజస్తోత్రం చదువుకుంటుంటే నోటికొచ్చిన మాట దగ్గర నాలుక ఆగిపోయింది. కుజుడికి భౌముడని పేరు. భూదేవి కొడుకు. చిన్నప్పట్నించీ చదువుతున్నాను, తెలియక కాదు, తట్టక.

కొడుకురా ఆయన! తల్లి ఒంటినిండా యూరియా పోసి, ఊపిరాడకుండా పొగ పెట్టి, ఆవిడ నీళ్లలో చెప్పులు పారేసి, ఇప్పుడు ఈ ఇల్లు పాడైపోయిందని సంచీ భుజాన వేసుకుని కొడుకు ఇంటికి మకాం మారుస్తామంటున్నారు. ఏ కొడుకు ఊరుకుంటాడు? ఆయన ఎర్రగా ఉన్నాడంటే ఉండడూ మరి!

కాబట్టి నా నిర్ణయం. కుజదోషం నీ ఒక్కడి ఏడో ఇంట్లోది కాదు. ఈ నేల మీద ఇవాళ ఊపిరి తీస్తున్న మనుషులందరిదీ. నాకుంది. మీ అమ్మమ్మకుంది. నరసింహారావు గారికుంది, ఆయన కారుకి మరీ ఉంది. కడిగిన పళ్లెంలాంటి శ్రీనిధి జాతకానికీ ఉంది. ఆ పళ్లెం కడిగిన నీళ్లు ఏ కాలవలో పడ్డాయో ఎవరు చూశారు? వధూవరులిద్దరికీ దోషం ఉంటే చెల్లుకి చెల్లు. నేను శాస్త్రాన్ని మార్చలేదు. దోషులెవరో సరిగ్గా లెక్కపెట్టాను, అంతే.

అయితే ఒకటి. చెల్లుకి చెల్లు మీ ఇద్దరి మధ్యనే. ఆ తల్లి దగ్గర చెల్లదు. అక్కడ ఏం శాంతి చెయ్యాలో నా పుస్తకాల్లో లేదు. మీరిద్దరూ చదువుకున్నారు కదా, మీరు వెతకండి.

ఇంక పెరట్లో అరటి. రెండోసారి కొట్టాల్సిన అవసరం రాలేదు. కొట్టిన మొద్దు ఎండిపోయే ఉంటుంది, నేను అటు చూడలేదు.

పిలకలతో, గెలలతో వర్ధిల్లమని,
తాతయ్య

చూడకపోవడమేంటి! మొదటిరోజు నించీ తలుపు వేసుకుని రోజూ దానికి బిందెడు నీళ్లు పోస్తున్నది ఆయనే. కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. ఇప్పుడది నా ఎత్తు దాటింది, తాళి దారం బిగుసుకుపోతుంటే నిన్న ఆయనే వదులు చేశారు. శ్రీనిధితో చెప్పు, మంత్రసాని పనితనం గట్టిదని. పెళ్లి భోజనాలకి తెనాలివాళ్లు ఎక్కణ్నించి ఆకులు తెచ్చుకుంటారో వాళ్లిష్టం. మీ ఇద్దరి విస్తళ్లకి మాత్రం రెండు ఆకులు ఇక్కణ్నించి కోసి తెస్తాను. కొత్త పెళ్లాం భోజనానికి ఆకు వేసే మొదటి పెళ్లాం ఇంకెవడికుందిరా? — అమ్మమ్మ